రాబోయే వారాల్లో చూడదగ్గవి

ఆ ఆదివారం తెల్లవారేసరికి పడమటి ఆకాశం ఇటుక రంగులో ఉంది. ముందు రోజు గాలికి లేచిన దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. దక్షిణాన, బాగా ఎత్తున, సన్నని తెల్ల చారలు రెండు మూడు కనిపించాయి. అవి వాన చారలు కావు. మధ్యాహ్నానికి మళ్ళీ గాలి లేస్తుందని చెప్పే చారలు.

నేను హార్పర్ గొర్రెల పొలంలో, బోరు పక్కన, ట్రక్కులో పడుకుని లేచాను. నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాను. మూడు వందల అడుగుల గొట్టం పైకి లాగి, అరిగిన తోలు వాషర్లు మార్చి, మళ్ళీ దింపాను. నీళ్ళు వచ్చాయి. ఉప్పగా వచ్చాయి. హార్పర్ దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"గొర్రెలు తాగుతాయిలే, వెర్న్," అన్నాడు.

గొర్రెలు ఎన్ని మిగిలాయని నేను అడగలేదు. తొమ్మిదింటికి సామాను వేసుకుని బయలుదేరాను. సాయంత్రం ఐదున్నరకు కొండ మీద ఉండాలి.

కొండ సంగతి ముందు చెప్పాలి. మా ఊరు విరాండిల్లా. క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి నైరుతి మూల, సరిహద్దు కంచె దగ్గర. పన్నెండు ఇళ్ళు, ఒక పబ్బు, ఒక దుకాణం, తపాలా కార్యాలయం, రేకుల హాలు. టీవీ ప్రసారాలు వాటంతట అవి మా దాకా రావు. అందుకని ఎనభై ఏడులో మేమే ఊరి వెనక కొండ మీద ఒక స్తంభం నిలబెట్టి, డిష్ పెట్టి, రెండు పెట్టెలు బిగించుకున్నాం. ఆకాశం నుంచి వచ్చేదాన్ని డిష్ అందుకుంటుంది, పెట్టెలు ఊళ్ళోకి వదులుతాయి. ఒక్కో పెట్టెకు ఒక్కో ఛానెల్. నిచ్చెన ఉన్నవాణ్ణి, ఎత్తంటే భయం లేనివాణ్ణి నేనే కనక స్తంభం నా పాలబడింది.

పోయిన మార్చిలో పిడుగు పడి ఒక పెట్టె కాలిపోయింది. ఇంకోటి కావాలని పైవాళ్ళకు రాశాం. చూస్తామని జవాబొచ్చింది. తొంభై నాలుగు అయిపోవస్తోంది, ఇంకా చూస్తూనే ఉన్నారు.

మిగిలిన ఒక్క పెట్టెతో ఒకసారికి ఒకటే ఛానెల్. ఊరంతా ఒకటే చూడాలి. ఏది చూడాలో రెండు వారాలకొకసారి హాల్లో కూర్చుని, చేతులెత్తి తేల్చుకుంటాం. తపాలా ట్రక్కులో సిడ్నీ నుంచి టీవీ పుస్తకం వస్తుంది. దాని నడిమి పేజీలో రాబోయే వారాల్లో చూడదగ్గవి ఏమిటో వేస్తారు. పబ్బు నడిపే లెస్ నిలబడి చదువుతాడు. మేం పోట్లాడుకుంటాం. తేలినదాన్ని తపాలా కార్యాలయం నడిపే ఎనిడ్ గుమ్మం ముందు పలక మీద సుద్దతో రాస్తుంది. వేళకి నేను కొండెక్కి మీట మారుస్తాను. ముందు మారిస్తే ఒకళ్ళు తిడతారు, ఆలస్యమైతే ఇంకొకళ్ళు తిడతారు. సరిగ్గా రెండు నిమిషాలు ముందు మార్చడం నా పద్ధతి అయింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. మా డిష్ అందుకునేది సిడ్నీ ప్రసారం. మాకు దొరికిన సామానుతో వచ్చేది అదే. అక్టోబరు చివర, మాకు ఎండాకాలం రాగానే, సిడ్నీ వాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకుంటారు. మా రాష్ట్రం జరపదు. పుస్తకంలో ఐదున్నర అని ఉంటే ఎండాకాలంలో మాకు అది నాలుగున్నరకే వస్తుంది. ఆ గంట తగ్గించి ఎనిడ్ పలక మీద రాసేది. రెండు పెట్టెలున్న రోజుల నుంచీ, ఏడేళ్ళుగా ఆ లెక్క ఆమెదే. మేమెవరం దాని గురించి ఆలోచించం. పలక చూస్తాం, టీవీ పెడతాం.

సెప్టెంబరులో ఎనిడ్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. విమానంలో టూవూంబా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్ట్రెచర్ మీద పడుకునే నాకు పనులు అప్పజెప్పింది. తపాలా సంచి తాళం ఎక్కడుంటుంది, జెరేనియం మొక్కలకు ఎన్ని చెంబులు, ఎవరి ఉత్తరం ఎవరి చేతికి ఇవ్వకూడదు. సుద్దముక్కలు ఏ డబ్బాలో ఉంటాయో కూడా చెప్పింది. గంట సంగతి చెప్పలేదు. మేం మాట్లాడుకునే సంగతుల్లో అది ఎప్పుడూ లేదు.

అక్టోబరు మూడో మంగళవారం హాల్లో కూర్చున్నాం. ఊళ్ళో నడవగలిగినవాళ్ళం పందొమ్మిది మందిమి. లెస్ కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని చదివాడు.

"బుధవారం, తోటపని."

"తోటపనా? ఈ ఊళ్ళోనా?" అంది డోరీన్. దుకాణం ఆమెది.

"చూడ్డానికి నీళ్ళక్కర్లేదు కదా, డోరీన్."

"నీ బీరుకీ అక్కర్లేదనుకుంటాను, తాగితే తెలుస్తోంది."

"శుక్రవారం, గుర్రప్పందేలు. దీనికి చేతులెత్తనక్కర్లేదు. ఆదివారం ముప్ఫై, సాయంత్రం ఐదున్నర. ఆసుపత్రి సీరియల్, ఆఖరి భాగం."

బెంచీలు చప్పుడు చేశాయి. ఆ సీరియల్ వచ్చే వేళకి డోరీన్ ఆరేళ్ళుగా దుకాణం మూసేస్తోంది. బయట ట్రక్కు నిలబడి హారన్ కొట్టినా తీయదు.

"డాక్టరు ఆ పిల్లని చేసుకుంటాడో లేదో తెలియకుండానే పోతాననుకున్నాను," అంది.

"చేసుకుంటాడు," అన్నాడు లెస్.

"నీకెవరు చెప్పారు?"

"చేసుకోకపోతే ఇంకో ఆరేళ్ళు తీయాలి. వాళ్ళకి మాత్రం ఓపికుండొద్దూ?"

అందరూ నవ్వుతుంటే వెనక బెంచీలోంచి ఆర్చ్ మల్లిన్స్ లేచాడు. ఆర్చ్ ఇలాంటి కూడికల్లో లేవడు. చెయ్యి కూడా ఎత్తడు. పాతికేళ్ళు పశువుల మందలు తోలినవాడు. డెబ్బై ఆరేళ్ళు. పబ్బు వెనక గదిలో ఉంటాడు. రెండేళ్ళుగా చూపు నడిమి నుంచి చెడిపోతూ వస్తోంది. ఎదురుగా చూస్తే మసక, ఓరగా చూస్తే కొంచెం కనబడుతుంది. అందుకని మనిషితో మాట్లాడేటప్పుడు కోడి చూసినట్టు తల పక్కకి తిప్పి చూస్తాడు. విమానంలో వచ్చే కళ్ళ డాక్టరు క్రిస్మస్ దాకా గడువు చెప్పాడు. ఆ తర్వాత వెలుగూ చీకటీ తెలుస్తాయట, అంతే.

"లెస్," అన్నాడు ఆర్చ్. "ఆ వేళకే రెండోదాంట్లో ఏముందో చదువు."

లెస్ పుస్తకం దగ్గరికి తెచ్చుకున్నాడు. "పశువుల మంద మీద పాత ఫిల్ము. యాభై ఎనిమిదిలో తీసింది. పన్నెండు వందల పశువుల మంద వెంట తొమ్మిది రోజులు. ఇప్పటిదాకా ఎక్కడా చూపించలేదట."

"అది నా మంద."

ఆర్చ్ చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. పుస్తకంలో ఆ ఫిల్ముకి వేసిన బొమ్మను పబ్బులోని కాపీలోంచి కత్తిరించి ఉంచుకున్నాడు.

"కెమెరా పట్టుకుని ముగ్గురొచ్చారు," అన్నాడు. "గుర్రం ఎక్కడం రాదు ఒక్కడికీ. ఐవీ వాళ్ళకి తొమ్మిది రోజులు వండిపెట్టింది. వెనక, నిప్పు దగ్గర నిలబడింది చూడండి, అది ఐవీ."

కాగితం చేతులు మారింది. నా భార్య థెల్మా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ముందు ఎద్దులు, వెనక బండి, దాని పక్కన బొటనవేలి గోరంత మనిషి. పెద్ద టోపీ. మొహం ఉండాల్సిన చోట నల్లటి నీడ.

"ఇది ఐవీ అని నీకెలా తెలుసు, ఆర్చ్? నాకే కనబడ్డం లేదు," అంది థెల్మా.

"బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడుతుంది. ఇటు తిరిగితే దెబ్బలాటకొచ్చినట్టుంటుంది."

ఐవీ అరవై ఒకటిలో మంద వెంట ఉండగానే పోయింది. కడుపులో పుండు పగిలింది. డాక్టరు మూడు రోజుల దూరంలో ఉన్నాడు. దారి పక్కనే పూడ్చారు. ఆమె ఫొటోలు రెండుండేవి. డెబ్బై నాలుగు వరదలో పెట్టెతో సహా పోయాయి. పిల్లలు లేరు. ఆమె తరఫువాళ్ళెవరో ఆర్చ్‌కి కూడా తెలియదు. ఇదంతా ఊరికి తెలుసు, కానీ ఆర్చ్ నోట ఆమె పేరు వినడం చాలామందికి అదే మొదలు.

"ఆ ఫిల్ములో తలెత్తే ఉంటుంది," అన్నాడు. "తొమ్మిది రోజుల్లో ఒకసారైనా. ఒకసారి చూస్తే చాలు."

అని కూర్చున్నాడు. లెస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందరూ డోరీన్ వైపు చూడకుండా ఉండాలని చూస్తున్నారు. డోరీన్ ఒళ్ళో చేతిసంచి మూత రెండుసార్లు తెరిచి మూసింది.

"డబ్బో పట్నంలో మా అక్కుంది కదా," అంది చివరికి. "డాక్టరు సంగతి అది చెప్తుంది. ఏంటలా చూస్తారు, చేతులెత్తండి."

తన చెయ్యే ముందు ఎత్తింది. తర్వాత అన్ని చేతులూ లేచాయి. ఆర్చ్‌కి అవి కనబడలేదు. లెక్క నేను పైకి చెప్పాను.

మర్నాడు పలక మీద నేనే రాశాను. ఆదివారం 30, సాయంత్రం 5.30, ఆర్చ్ ఫిల్ము. పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాశాను.

తర్వాతి పది రోజులు ఊరంతా ఆ ఆదివారం పనిలోనే ఉంది. పబ్బులోని పెద్ద టీవీ హాలుకి మోయాలన్నారు. తెరకు ఎంత దూరంలో కూర్చుంటే ఆర్చ్‌కి కనబడుతుందో కొలిచారు. మూడడుగులు, కొంచెం కుడి పక్కకి, తల ఎడమకి తిప్పి. అక్కడ నేల మీద సుద్దతో నాలుగు గుర్తులు పెట్టారు, కుర్చీ కాళ్ళకి. డోరీన్ దుకాణంలోంచి కొత్త చొక్కా తెచ్చి, పాతదే ఇస్త్రీ చేశానని అబద్ధమాడింది. ఆర్చ్ గుడ్డ వేళ్ళతో తడిమి తీసుకున్నాడు.

థెల్మా మా వెనక వరండాలో అతనికి జుట్టు కత్తిరించింది. నేను పక్కనే పంపు రాడ్లకి గ్రీజు రాస్తున్నాను.

"ఎవరు చూస్తారని ఈ ముస్తాబు?" అంది థెల్మా. "ఆవిడ నిన్ను చూడదు కదా."

"ఏమో. చెవుల దగ్గర తగ్గించు."

తర్వాత ఆర్చ్ నాతో మాట్లాడాడు. నా వైపు తిరగకుండానే.

"వెర్న్. ముప్ఫై మూడేళ్ళు. టోపీ గుర్తుంది. చేతులు గుర్తున్నాయి, ఇక్కడ కాలిన మచ్చ. మొహం తలుచుకుంటే పిండి సంచి మీద వేస్తారే ఆడమనిషి, ఆవిడ వస్తుంది. ఐవీ రాదు."

నేను రాడ్డు తుడుస్తున్నాను.

"చూస్తే గుర్తుపడతానంటావా?"

"పడతావు," అన్నాను. పడతాడో లేదో నాకేం తెలుసు.

"కళ్ళు పోయాక సంచి మనిషితో ఉండాలంటే కష్టం," అన్నాడు. "ఐవీ అయితే ఉండొచ్చు."

బుధవారం పొద్దున హార్పర్ పొలం నుంచి కబురొచ్చింది, బోరు ఆగిందని. గొర్రెలకు నీళ్ళు లేవు. పందేలూ సీరియలూ వచ్చే ఛానెల్ మీద మీట ఉంచి, ఆదివారానికి వచ్చేస్తానని చెప్పి వెళ్ళాను. అక్కడ టీవీ లేదు. ట్రక్కులోని రేడియోకి అందేది మా రాష్ట్రం స్టేషనే. గడియారాల మాట దాంట్లో ఎందుకు వస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు ఊరు చేరాను. పొద్దుటి చారలు చెప్పిన గాలి అప్పటికే లేచింది. హాలు కిటికీలకు తడిబట్టలు కట్టి ఉన్నాయి, దుమ్ము రాకుండా. మా దగ్గర హాల్లో ఏం జరిగినా ప్రతి ఇంటి నుంచి ఒక పళ్ళెం రావాలి. నాలుగింటికి నేను స్నానం చేసి వెళ్ళేసరికి బల్ల మీద పళ్ళేలు పరుస్తున్నారు. చల్లటి గొర్రెమాంసం ముక్కలు, బీట్‌రూట్, గుమ్మడి స్కోన్ రొట్టెలు, కొబ్బరి అద్దిన కేకులు. వాటి మీద దోమతెర గుడ్డలు. ఇళ్ళలో ఎవరూ మిగల్లేదు.

"ఈ ఊళ్ళో దేవుడు కూడా తొందర్లో ఉన్నాడు," అంటోంది డోరీన్ థెల్మాతో. "పొద్దున టీవీలో ప్రార్థన పెట్టేసరికి ఆఖరి పాట పాడేస్తున్నారు. నేనే ఎక్కువ పడుకున్నాననుకున్నా."

"నువ్వు ఎక్కువ పడుకోవడమేంటి, కోళ్ళని లేపేదానివి," అంది థెల్మా.

నేను విన్నాను. ఒక స్కోన్ తీసుకోబోతే థెల్మా చేతి మీద కొట్టింది. ఆ మాట అక్కడితో పోయింది.

ఆర్చ్ సుద్ద గుర్తుల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. తడి చేతిరుమాలు మడిచి కళ్ళ మీద వేసుకున్నాడు. తెర వెలుగు ఎక్కువసేపు చూస్తే అతని కళ్ళలో మచ్చలు లేస్తాయి. ఉన్న చూపంతా ఆ గంటకే దాచుకుంటున్నాడు. అందుకని నేను కొండ మీంచి చెప్పేదాకా టీవీ పెట్టొద్దని లెస్ అందరికీ గట్టిగా చెప్పాడు. టీవీ నల్లగా ఉంది.

"బయలుదేరుతున్నావా, వెర్న్?" అన్నాడు ఆర్చ్ రుమాలు తీయకుండా.

"ఆఁ."

"మెల్లగా వెళ్ళు. మలుపు దగ్గర రాళ్ళు జారుతున్నాయట."

కొండ నాలుగు మైళ్ళు. మలుపు దగ్గర నిజంగానే రాళ్ళు జారాయి, దిగి పక్కకి తోశాను. పైకి చేరేసరికి ఐదూ పది. స్తంభం కింద రేకుల గుడిసె, దాంట్లో పెట్టె, పక్కన డిష్. గాలికి డిష్ సన్నగా మోగుతోంది. గుడిసె నీడలో మెట్టు మీద కూర్చున్నాను. ఊరు కింద అగ్గిపెట్టెల్లా ఉంది. హాలు ముందు బండ్లు ఆగి ఉన్నాయి, ఎక్కడా కదలిక లేదు. ఐదూ పదిహేను. ఇరవై. లేచి మీట మార్చేయొచ్చు. ఎవరూ టీవీ చూడటం లేదు, ఎవరూ తిట్టరు. కానీ ఆ మాట నాకు తట్టలేదు. చేతి గడియారం చూసుకుంటూ, డిష్ పక్కన, పద్ధతి ప్రకారం కూర్చున్నాను. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఐవీ నా తల పక్క నుంచి వెళ్తూనే ఉందని ఇప్పుడు అనుకుంటాను.

ఐదూ ఇరవై ఎనిమిదికి మీట మార్చి, ట్రక్కు దగ్గరికొచ్చి, హాలుతో మాట్లాడే రేడియో తీశాను.

"మార్చాను. టీవీ పెట్టండి."

కొంతసేపు గరగర. తర్వాత థెల్మా గొంతు. "వచ్చింది. బాగానే వచ్చింది. మంద పోతోంది."

"మొదలైందా?"

"ఆఁ… వెనక నుంచి తీశారు. తోకలు కనబడుతున్నాయి. దుమ్ము. పాట వస్తోంది."

"ఆర్చ్ చూస్తున్నాడా?"

"చూస్తున్నాడు. ఇప్పుడు పేర్లొస్తున్నాయి."

"సరే, పేర్లయ్యాక అసలుది వస్తుంది."

నేను రేడియో చెవికి దగ్గరగా పెట్టుకున్నాను. పాట వినబడుతోంది, సన్నగా.

"వెర్న్," అంది థెల్మా. గొంతు మారింది. "ఇవి మొదటి పేర్లలా లేవు. కింద నుంచి పైకి పోతున్నాయి. చాలా ఉన్నాయి. కృతజ్ఞతలు అని వేస్తున్నారు."

"ఏమిటి?"

"అయిపోయినప్పుడు వేస్తారే, అవి."

పాట ఆగింది. ఎవరో మగగొంతు హుషారుగా, తర్వాత చేపల వేట మీద కార్యక్రమం అని చెప్పడం వినబడింది. చేతి గడియారం వైపు చూశాను. ఐదున్నర. సరిగ్గా ఐదున్నర. అక్టోబరు ఆఖరి ఆదివారం. సిడ్నీలో ఆరున్నర. అప్పుడు తెలిసింది.

ట్రక్కు ఎలా దింపానో తెలియదు. హాలు తలుపు దగ్గర లెస్ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు, అంతే. లోపల అందరూ ఎక్కడి వాళ్ళు అక్కడే ఉన్నారు. టీవీ నడుస్తోంది, చప్పుడు తగ్గించి. ఒకతను పడవలో నిలబడి పెద్ద చేపను ఎత్తి చూపిస్తున్నాడు. ఆర్చ్ కుర్చీలోంచి కదలలేదు. తల ఇంకా ఎడమకి తిప్పే ఉంది.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. తర్వాత గుర్తొచ్చి పక్కకి జరిగాను, అతనికి కనబడేలా.

"ఆర్చ్. గంట. సిడ్నీ వాళ్ళు ఇవాళే జరుపుకున్నారు. పలక మీద నేనే తప్పు రాశాను."

"ఊఁ," అన్నాడు. "మొదట నా కళ్ళే అనుకున్నా. తను వచ్చి పోతోందేమో, నాకు తెలియడం లేదేమో అని. ఎవరూ మాట్లాడకపోయేసరికి అర్థమైంది."

"ఏమైనా చూశావా?"

"తోకలు చూశాను. కొన్ని. మంద బాగుంది. చివరికొచ్చేసరికి కూడా బక్కచిక్కలేదు," అన్నాడు.

థెల్మా అతని భుజం మీద చెయ్యి వేసింది. "పేర్లలో నీ పేరుంది, ఆర్చ్. ఆర్చిబాల్డ్ మల్లిన్స్, మంద పెద్ద అని. చదివాను."

"తనది?"

థెల్మా నా వైపు చూసింది. అబద్ధం ఆడొచ్చు. ఆడితే ఎవరూ కాదనేవాళ్ళు కారు. కానీ థెల్మాకి అది రాదు.

"'మల్లిన్స్ భార్య, వంట' అని ఉంది."

ఆర్చ్ తలాడించాడు. "వాళ్ళు తనని పేరడిగినట్టు గుర్తులేదు," అన్నాడు.

"ఉత్తరం రాస్తాను," అన్నాను. "మళ్ళీ వేయమని. లేదా నకలు పంపమని. సంగతంతా రాస్తాను."

"రాయి. ఎప్పటికి వేస్తారంటావు?"

ఎప్పటికని చెప్పను? పెట్టె కోసం మార్చిలో రాసినవాణ్ణి. "చలికాలానికి, జూనుకి వేయొచ్చు," అన్నాను.

"చలికాలం," అన్నాడు ఆర్చ్. హాల్లో అందరికీ నెలలు లెక్కపెట్టడం వచ్చు. ఎవరూ పైకి లెక్కపెట్టలేదు.

అప్పుడు డోరీన్ లోపలికొచ్చింది. ఎప్పుడు వెళ్ళిందో నేను చూడలేదు. పబ్బు దాకా గాలిలో పరుగెత్తి వెళ్ళి, ఫోను చేసి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము. రొప్పుతోంది.

"మా అక్క దగ్గర టేపు చేసే మిషనుంది," అంది. "అడిగాను. ఆ వేళకి టేపు పెట్టిందట."

అన్ని తలలూ లేచాయి. ఆర్చ్ తల కూడా.

"సీరియల్," అంది డోరీన్. "సీరియల్ టేపు చేసింది. వాళ్ళ వీధిలో అందరూ అదే చూశారట. పక్కింటివాళ్ళని కూడా అడిగించాను. ఫిల్ము ఎవరూ చూడలేదు."

బెంచీ మీద కూలబడింది. నాలుగున్నరకి, నేను మీట మార్చకముందు, ఆ సీరియల్ మా కొండ మీంచే ఊళ్ళోకి, ఖాళీ ఇళ్ళలోకి దిగిందని అప్పటికి ఆమెకీ తట్టే ఉంటుంది. మాకెవరికీ ఆ మాట ఎత్తాలనిపించలేదు.

ఆర్చే అడిగాడు. "చేసుకున్నాడా, డోరీన్?"

"ఎవరు?"

"ఆ డాక్టరు."

డోరీన్ చేతుల్లో మొహం పెట్టుకుంది. "అడగలేదు, ఆర్చ్," అంది.

లెస్ వెళ్ళి టీవీ ఆపేశాడు. తెర నల్లబడ్డాక కూడా ఆర్చ్ దాని వైపే తిరిగి కూర్చున్నాడు. తర్వాత మెడ దగ్గరి బొత్తాం విప్పుకుని, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. నేను చెయ్యి అందించాను. పట్టుకున్నాడు. తోసేస్తాడేమో అనుకున్నాను. తోసేస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. బల్ల దాకా అలాగే పట్టుకుని నడిచాడు.

ఆడవాళ్ళు పళ్ళేల మీది గుడ్డలు తీశారు. థెల్మా పెద్ద పాత్ర కొళాయి తిప్పి కప్పుల్లోకి టీ పట్టింది. పంచదార ఎన్ని చెంచాలని ఎవరినీ అడగలేదు, ఎవరికెంతో ఆమెకు తెలుసు. లెస్ ఒక పళ్ళెంలో గొర్రెమాంసం ముక్కలు వేసి, ఆర్చ్ తినగలిగేలా చిన్నగా కోసి, ముందు పెట్టాడు. నేను ఆర్చ్ పక్కన కూర్చున్నాను. వేరే చోట కూర్చునే ధైర్యం లేకపోయింది. డోరీన్ ఎదురుగా కూర్చుంది.

ఆర్చ్ ఫోర్కుతో పళ్ళెంలో వెతుక్కుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అతను నమలడం మొదలుపెట్టాక మిగిలినవాళ్ళం తినడం మొదలుపెట్టాం. గాలికి రేకులు లేచి పడుతున్నాయి. మాంసం మీద సన్నగా దుమ్ము చేరింది, పళ్ళ కింద గరగరలాడింది. పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.